టైర్ల బాబాయి తలలో బుడగ

...అదే కదా నేననేది! బాబాయి నుదుటికి తగిలిన దెబ్బ ఎప్పుడో మానిపోయింది. భయం దెబ్బ గురించి కాదు, దెబ్బ పుణ్యమా అని బయటపడ్డ దాని గురించి. మొన్న మీకు సగం చెప్పి, ఎవరో తలుపు కొడితే లేచి వెళ్లిపోయాను. ఇవాళ ఎవరు తలుపు కొట్టినా లేవను. మొత్తం చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

మొన్న వినని వాళ్ల కోసం మొదటి నుంచీ చెప్తాను. మా వీధి పెద్ద రోడ్డులో కలిసే మలుపు దగ్గర ఒక పంక్చర్ల కొట్టు ఉంది. రేకుల షెడ్డు, అందులో ఎర్ర రంగు కంప్రెసరు, నీళ్ల తొట్టి, గోడకు వేలాడే ట్యూబులు. యజమాని, పనివాడు, కాపలాదారు అన్నీ ఆయనే. వీధి మొత్తం టైర్ల బాబాయి అంటుంది. నాకంటే పదకొండేళ్లు చిన్న. అయినా అందరికీ బాబాయి అయినవాణ్ణి నేనొక్కదాన్నే తమ్ముడూ అంటే ఏం బాగుంటుంది? నేనూ బాబాయీ అనే పిలుస్తాను.

ముప్పై ఏళ్లుగా కంప్రెసరు మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు పెద్దదైపోయింది. నేను బళ్లో నలభై మంది పిల్లల మీద అరిచినదాన్ని, నాకే అసూయ. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు తిట్లు కూడా తిని వెళ్లాల్సిందే.

"ఏమండీ, టైరు పక్కన ఈ బుడగ కనబడట్లేదా? పిల్లల్ని ఎక్కించుకుని దీని మీదే తిరుగుతున్నారా? ఇవాళే మార్చండి. రేపు అనొద్దు. రేపటికి బుడగా ఉండదు, మీరూ ఉండరు."

ఆయనకు ఒక అలవాటుంది. గాలి నింపి, గేజి పెట్టి చూసి, ఆ అంకెను సుద్దముక్కతో టైరు మీదే రాస్తాడు. ఆ సుద్దముక్కలు నా సరఫరానే. రిటైరై ఆరేళ్లయినా నా బీరువాలో ఇంకా మూడు డబ్బాలున్నాయి. ఎలా వచ్చాయని అడక్కండి.

నెల క్రితం లారీ చక్రం విప్పుతుంటే ఇనుప కడ్డీ జారి ఆయన నుదుటికి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. తల తిరుగుతోందంటే ఆస్పత్రిలో స్కాన్ తీశారు. ఎముకకేం కాలేదు. కానీ లోపల ఇంకేదో కనబడిందని, రక్తంలోకి మందు ఎక్కించి మళ్లీ తీశారు. ఆ రిపోర్టు పట్టుకుని తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"టీచరుగారూ, ఇది కొంచెం చదివి పెట్టండి."

"ఇంగ్లీషు కదయ్యా! నేను తెలుగు టీచర్ని. సంధులు అడుగు, సమాసాలు అడుగు, చెప్తాను."

"పోనీ అంకెలైనా చదవండి."

కళ్లజోడు పెట్టుకుని వెతికాను. ఐదు పాయింటు ఎనిమిది మిల్లీమీటర్లు అని ఉంది. "ఏమిటిది?" అన్నాను.

"బుడగ," అన్నాడు.

మెదడులో రక్తనాళం రెండుగా చీలే చోట గోడ పలచబడి ఉబ్బిందట. ఇంకా పగల్లేదట. "డాక్టరు కాగితం మీద బొమ్మ గీస్తుంటే, నేనే పెన్ను తీసుకుని మిగతా సగం గీసేశాను. ఇది నాకు చెప్పాలా టీచరుగారూ?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను. నాకు నవ్వు ఊరికే వచ్చేస్తుంది, ఎక్కడ రాకూడదో అక్కడ మరీనూ. తర్వాత చూస్తే ఆయన ఆ కాగితాన్ని అగ్గిపెట్టంత అయ్యేదాకా మడతపెడుతున్నాడు.

డాక్టరు చాలానే చెప్పాడట. అలాంటివి ఎంతోమందికి జన్మంతా పగలకుండానే ఉండిపోతాయట. కావాలంటే సన్నటి తీగను నాళం లోపలినుంచే పంపి బుడగను పూడ్చేయొచ్చట, లేదా అప్పుడప్పుడు స్కాన్ తీసి చూసుకోవచ్చట. ఏది మంచిదో తేల్చడానికి గురువారం భార్యను వెంటబెట్టుకుని రమ్మన్నాడు. ఈలోగా సిగరెట్టు మానాలి, బరువులెత్తకూడదు, పొద్దున్నే ఒక బీపీ మాత్ర వేసుకోవాలి. ఎన్నడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఇంతా విని బాబాయి చెవికెక్కించుకున్నది ఆ చివరి మాట ఒక్కటే.

"పిన్నికి చెప్పావా?" అన్నాను. బాబాయి భార్య కాబట్టి వీధికి ఆవిడ పిన్ని.

"చెబితే ఇంకేమన్నా ఉందా! పొయ్యి మీద పాలను చూసినట్టు నా తలను చూస్తూ కూర్చుంటుంది. మీరూ చెప్పకూడదు. నా మీద ఒట్టు."

చూడండి నా కర్మ! రహస్యం అంటే చాలు, నాకు నాలుక దురదపెడుతుంది. మీరు ఆవిణ్ణి ఎరగరు కాబట్టి మీకు చెప్పడం ఒట్టు కిందికి రాదని సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజు నుంచి బాబాయి గొంతు పడిపోయింది. జబ్బు చేసి కాదు, తానే తగ్గించుకున్నాడు. తుమ్ము వస్తే రెండు చేతులతో తల పట్టుకుని, దాన్ని బతిమాలుకుని వెనక్కి పంపేవాడు. నవ్వు వస్తే పెదాలు బిగబట్టేవాడు. స్పీడ్‌ బ్రేకర్ వస్తే సైకిల్ దిగి, నిండు బిందె మోస్తున్నట్టు నడిపించుకు వెళ్లేవాడు. ఒకరోజు నా కళ్లముందే ఒకాయన బుడగ వచ్చిన టైరుతో వచ్చాడు. ఇప్పుడు మొదలవుతాయి తిట్లు అని నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. బాబాయి ఆ బుడగను బొటనవేలితో మెల్లగా నిమిరి, "నెమ్మదిగా వెళ్లండి," అన్నాడు. అంతే.

పిన్ని యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి కూలబడింది.

"అక్కా, ఈయన నాతో పోట్లాడటం మానేశాడు."

"ఏడిశావులే, పండగ చేసుకోక!"

"మీకు నవ్వులాటగా ఉంది. ఇరవై ఆరేళ్లలో కూరకు వంక పెట్టని పూట లేదు. మొన్న చూద్దామని కావాలనే ఉప్పు రెండింతలు వేశాను. కిక్కురుమనకుండా తినేశాడు. నిన్నా వేశాను. తిని, బాగుందన్నాడు. ఎవత్తయినా తగులుకుందంటారా?"

"ఆ చొక్కాకున్న రబ్బరు కంపుకి ఎవత్తి వస్తుందే?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు మధ్యలో నాకు ఆ రెండింతల ఉప్పు గుర్తొచ్చింది. "ఉప్పు తగ్గించవే, ఈ వయసులో ఎవరికీ మంచిది కాదు," అన్నాను, ఏదో ఆరోగ్యం పాఠం చెబుతున్నట్టు. ఆవిడ నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది.

"మీకేమన్నా తెలుసా అక్కా?"

"నాకేం తెలుసు!" అని లేచి వెళ్లి, ఆరని బట్టలు తీసి మడతపెట్టాను.

తర్వాత బాబాయి బీపీ చూసుకునే మిషను కొన్నాడు. గేజి చేతికొచ్చాక ఆయన అలవాటు ఊరుకుంటుందా? కంప్రెసరు పక్క గోడ మీద రోజూ పొద్దున్నే తన పై అంకెను సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాడు. నూట ముప్పై ఎనిమిది. నూట ముప్పై. నూట ఇరవై రెండు. నేను వెళ్లినప్పుడల్లా ఆ గోడ చూసి మురిసిపోయేదాన్ని. "మార్కులు తగ్గితే పాసయ్యే పరీక్ష జీవితంలో మొదటిసారి చూస్తున్నా!" అని కొత్త సుద్దముక్కల డబ్బా కూడా బహుమతిగా ఇచ్చాను. నూట పన్నెండు. నూట మూడు. తొంభై ఏడు. నా బుద్ధి గడ్డి తిని, ఆ అంకెలు ఎటు పోతున్నాయో ఆలోచించలేదు.

పోయిన సోమవారం ఆయన బల్ల మీద ఖాళీ మాత్రల అట్టలు కనబడ్డాయి.

"నెల మాత్రలు అప్పుడే అయిపోయాయేం బాబాయ్?"

ఆయన దొరికిపోయిన పిల్లాడిలా నేల చూపులు చూశాడు. "పూటకొకటి వేసుకుంటున్నా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. బుడగొచ్చిన టైరును అప్పటికప్పుడు మార్చే వీల్లేకపోతే ఏం చేస్తాం టీచరుగారూ? కొంచెం గాలి తీసి ఇంటిదాకా నడుపుకోమంటాం. తల మార్చుకోలేను కదా. అందుకే గాలి తీసుకుంటున్నా."

"డాక్టరు చెప్పాడా ఇలా తియ్యమని?"

"ఆయనకి టైర్ల సంగతి ఏం తెలుసు?"

"సరే, టైర్ల సంగతే మాట్లాడదాం. గాలి మరీ తక్కువైతే టైరు ఏమవుతుంది?"

ఖాళీ అట్టలు ఏరి జేబులో కుక్కుకున్నాడు. తర్వాత, "ఇనుప రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి చస్తుంది," అన్నాడు.

"మరి?"

ఆయన గాలి గొట్టం చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"గురువారం డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"వచ్చే గురువారం వెళ్తా."

"పోయిన వారమూ ఇదే అన్నావు."

"వెళితే లోపల తీగ పెడదామంటాడు. ఆ తీగ తగిలే పగిలిపోతే? నేను ఎన్ని ట్యూబులు ప్యాచీ వేయబోయి చింపానో మీకు తెలీదు."

అదీ అసలు సంగతి! మూడు వారాలుగా ఆయన నోటినుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం. రేపటి నుంచి ఒకటే మాత్ర వేసుకుంటానని కంప్రెసరు మీద చెయ్యేసి చెప్పాడు. నేను నమ్మాను. నలభై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న టీచర్ని, నమ్మాను.

ఇవాళ పదకొండింటికి కూరగాయల సంచీతో అటుగా వచ్చాను. గోడ మీద చివరి అంకె ఎనభై ఆరు. కింద లారీ చక్రం, దానికి గాలి గొట్టం. బాబాయి వంగినవాడు లేచాడు, లేస్తూనే ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. గోడ పట్టుకోబోతే చెయ్యి జారింది. నా సంచీ ఎక్కడ పడిందో తెలీదు. ఆయన్ని ఒక చేత్తో పట్టుకుని అరిచాను. గాలి మాత్రం చక్రంలోకి ఎక్కుతూనే ఉంది, చూసే నాథుడు లేడు, కంప్రెసరు దాని పాటికది దడదడలాడుతోంది. పక్క టీకొట్టాయన దూకి వచ్చి స్విచ్చి కట్టేశాడు. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దానికి నాకు మోతకంటే ఎక్కువ భయం వేసింది.

"ఏం లేదండీ. లేచినప్పుడు కొంచెం తిరుగుతుంది," అన్నాడు బాబాయి, పాత టైర్ల మీద కూర్చుని.

"తలనొప్పి ఉందా?"

"లేదు." ఆగి, "ఇంకా లేదు," అన్నాడు.

రిపోర్టు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. అవతలి నర్సమ్మ సంగతంతా విని, ఇంకొక్క మాత్ర కూడా వేయొద్దు, వెంటనే తీసుకురండి, ఇంట్లోవాళ్లను కూడా రమ్మనండి అంది. ఆటో పిలిచాను. బాబాయి ఎక్కితేనా! మూడింటికి లారీ వస్తుందట, ఆరు చక్రాలున్నాయట, మాట ఇచ్చాడట. నేనూ టీకొట్టాయనా చెరో రెక్కా పట్టుకుంటే, "నన్ను గుంజకండి, లోపల కదులుతుంది," అని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ మాటకు ఇద్దరం చేతులు వదిలేశాం. చేసేదిలేక టీకొట్టాయన్ని కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెట్టి, ఆటోను అక్కడే ఆపి, మళ్లీ కొనుక్కున్న వాటిలో మిగిలిన మాత్రలు కొంగున ముడేసుకుని, పిన్ని ఫ్యాక్టరీ నంబరు కోసం ఇంటికి వచ్చాను.

వచ్చేస్తుంటే బాబాయి, "టీచరుగారూ, ఒట్టు," అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

ఆయన్ని లేపి ఆటో ఎక్కించగల మనిషి పిన్ని ఒక్కతే. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు, ఒంటిగంటకు మిషన్లు ఆపాకే చేతికిస్తారు. గేటు నంబరుకు నాలుగుసార్లు చేశాను, ఎత్తే దిక్కు లేదు. ఇప్పుడు పన్నెండూ యాభై రెండు. కంగారు పడకు అని మొదలుపెడితే కంగారు పడుతుంది, రహస్యం దాచానని తెలిస్తే నన్ను జన్మలో క్షమించదు. క్షమించకపోతే పోనీ. ఒంటిగంట కాగానే పిన్నికి ఫోన్ చేసి, "సెలవు అడిగి కూర్చోకు, గేటు దాటి వచ్చెయ్, ఆటో కొట్టు దగ్గరే ఉంది," అని చెప్తాను.