ఉప్పు బీడులో ఇద్దరు వెనక్కి తిరిగారు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఇప్పటికీ మంటే. పెద్ద చదువులు చదివి, మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకున్నవాళ్ళు లిఫ్టులో ఎవరో కనబడ్డారనీ, ఖాళీ గదిలో కుర్చీ కదిలిందనీ చెబుతుంటే, వీళ్ళకి చదువెందుకు చెప్పారా అనిపించేది.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. టెక్కలి దగ్గర పల్లె నుంచి సింగపూర్ వచ్చి షిప్‌యార్డులో వెల్డింగ్ చేశాను. సెలవు దొరికితే టోవా పాయో లైబ్రరీలో కూర్చుని, మాట మాటకీ డిక్షనరీ తిరగేస్తూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. భూగోళం, నక్షత్రాలు, మనిషి శరీరం, అన్నీ ఎవరూ చెప్పకుండా చదువుకున్నవే. అలా చదువుకున్నవాడికి కొంత పొగరుంటుంది. నాకూ ఉంది.

ఆంగ్ మో కియోలో మా బ్లాకు కింద చైనావాళ్ళు ఏడో నెలలో స్టేజీ కట్టి పాటలు పెడతారు. చనిపోయినవాళ్ళు వచ్చి కూర్చుంటారని ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు. ఒక ఏడు నేను వెళ్ళి ఆ వరసలోనే కూర్చున్నాను. పక్కింటి టాన్ పరిగెత్తుకొచ్చి, "అంకుల్, డోంట్ లైక్ దట్ లా" అని బతిమాలాడు. పాటలు అయ్యేదాకా లేవలేదు. నాకేమీ కాలేదు కూడా.

ఇదంతా ఎందుకంటే, చెప్పేవాడు పిరికివాడు కాదని మీకు ముందే తెలియాలి.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా గాభరా పడిన రోజులవి. మా ఒక్కగానొక్క కూతురు నీరజ ఒక కంపెనీలో ఆ గండం తప్పించే పనే చేసేది. పిల్ల ఇంట్లో భోంచేసిన పూట లేదు. ఆ సంవత్సరం రానూ వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు. కంపెనీవాళ్ళు సంతోషించి పొడుగు సెలవు ఇచ్చారు. సెలవంటే నాలుగు రోజులు నిద్రపోతుందనుకున్నాం. బొలీవియా వెళతానంది. దక్షిణ అమెరికా పటంలో మధ్యన ఇరుక్కున్న, సముద్రం లేని దేశం. వీపున సంచీ తగిలించుకుని ఒక్కతే తిరిగొస్తుందట.

మా ఆవిడ అన్నం మానేసింది. చివరికి నన్ను తోడు తీసుకెళ్ళాలని రాజీ కుదిరింది.

"అయ్యో నాన్నా, బ్యాక్‌ప్యాకింగ్‌కి ఎవరైనా ఫాదర్‌ని తీసుకెళతారా? సో ఎంబరాసింగ్ లా!" అని నీరజ తల పట్టుకుంది.

"నీకంటే బరువులు మోసినవాణ్ణే. పద," అన్నాను.

బయలుదేరే రోజు మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. మేం సింగపూర్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె మాట మాత్రం టెక్కలి దాటి రాలేదు.

"ఏటండీ, ఇనండి. మనుసులు లేని సోట పిల్లని పేరెట్టి పిలవకండి. గాలికి పేరు తెలిసిపోద్ది."

"గాలికి చెవులున్నాయా?"

"మీకే లేవు. అందుకే గట్టిగా సెబుతున్నాను."

మా వైపు పాత అలవాటది. పొలాల్లో, శ్మశానం దారుల్లో, చీకటిపడ్డ వాగుల దగ్గర మనిషిని పేరుతో కేకెయ్యరు. నేను నవ్వేశాను. నవ్వితే పోతాయా చిన్నప్పటినుంచి పట్టుకున్న అలవాట్లు?

బొలీవియాలో తిరిగినన్నాళ్ళూ నాకు బాగానే జరిగింది, అది కూడా చెప్పాలి. లా పాజ్ చాలా ఎత్తున కొండల మీద ఉన్న ఊరు, విమానం దిగగానే అందరికీ ఊపిరాడదు. నాకూ ఆడలేదు. కోకా ఆకుల టీ తాగించారు, తేరుకున్నాను. ఊళ్ళు పట్టుకుని బస్సుల్లో తిరిగాం. కొండ అంచున బస్సు వంపు తిరిగినప్పుడల్లా కూతురు కళ్ళు మూసుకునేది, నేను కిటికీలోంచి లోయ చూసేవాణ్ణి. సంతల్లో గుండ్రటి టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు నల్లవి, ఊదావి, ఎండబెట్టినవి, ఎన్ని రకాల బంగాళాదుంపలో అమ్ముతూ కనబడేవారు. వాళ్ళ దగ్గర కూర్చుని మా గోంగూర పచ్చడి రుచి చూపించాను. ఒకావిడ ఏడ్చినంత పనిచేసి, మళ్ళీ పెట్టమని చెయ్యి చాపింది.

ఉప్పు బీడు చేరేనాటికి ఆ ఎత్తు నా ఒంటికి పూర్తిగా అలవాటైపోయింది. పొద్దున్నే లేచి నీరజ కంటే ముందు నడిచేవాణ్ణి. "ఆక్సిజన్ అందక అలా కనిపించి ఉంటుంది అంకుల్" అని నాకు చెప్పబోయే కుర్రాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవండి. హౌగాంగ్‌లో ఒక డాక్టరుగారి అబ్బాయి నాకిది బొమ్మ గీసి మరీ వివరించాడు. ఆక్సిజన్ అంటే ఏమిటో అతని తండ్రికి పెళ్ళి కాకముందే నేను చదివాను.

ఆ చోటు ఎలా ఉంటుందంటే, ఒకప్పటి పెద్ద సరస్సు ఎండిపోయి ఉప్పు మిగిలింది. కంటికి ఆనినంత దూరం తెలుపే. చెట్టు లేదు, రాయి లేదు, పిట్ట లేదు. నేలంతా తేనెపట్టు గదుల్లా పగిలి, అంచులు చిన్న గట్లలా లేచి ఉంటాయి. కాలు వేస్తే అప్పడం విరిగినట్టు కరకరమంటుంది. దూరం తెలియదు. అరచేతిలో నిలబడ్డట్టు మనిషిని ఫోటో తీయడానికి కుర్రకారు అక్కడికి వెళ్ళేది అందుకే.

మమ్మల్ని తీసుకెళ్ళిన జీపు డ్రైవరు పేరు రమోన్. నా వయసువాడే, నాలాగే నోరు జాస్తి. జీపు దిగేముందు స్పానిష్‌లో ఏదో చెప్పాడు. నీరజకి ఆ భాష కొంచెం వచ్చు.

"జీపు కనబడనంత దూరం పోవద్దంటున్నాడు. ఎవరినైనా పిలవాలంటే పేరు పెట్టి పిలవాలట," అంది.

ఉపయోగపడే మాటే, అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మిట్టమధ్యాహ్నం. ఎండ కింద నుంచీ పై నుంచీ కూడా కొడుతోంది. రమోన్ బానెట్ ఎత్తి ఏదో బిగిస్తున్నాడు. నేను జీపు నీడలో కూర్చుని బూటులో దూరిన ఉప్పు దులుపుకుంటున్నాను. నీరజ కెమెరా పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. లా పాజ్‌లో కొన్న ఎర్ర జాకెట్టు వేసుకుంది. ఆ తెలుపులో ఆ ఎరుపు తప్ప కంటికి వేరే ఆధారం లేదు.

బూటు తొడుక్కుని తలెత్తి చూశాను. నీరజ చాలా దూరం వెళ్ళిపోయింది. ఆమె పక్కన ఇంకొకరు నడుస్తున్నారు.

రమోన్ అనుకున్నాను. రమోన్ నా వెనకే ఉన్నాడు, పానా చప్పుడు వినబడుతోంది. వేరే జీపు ఏదైనా వచ్చిందేమోనని చుట్టూ చూశాను. లేదు. వస్తే అరగంట ముందే చుక్కలా కనబడుతుంది అక్కడ.

ఎండమావి అనుకున్నాను. ఎండమావుల గురించి చదివినవాణ్ణే. ఎండమావి వణుకుతుంది, సాగుతుంది, నేల వదిలి తేలుతుంది. ఇది వణకలేదు. నీరజ ఎలా ఉందో అంత స్పష్టంగా ఉంది. అదే ఎత్తు. అదే ఎర్ర జాకెట్టు. నీరజ ఎడమ కాలు వేస్తే అదీ ఎడమ కాలే వేస్తోంది. నీరజ అటు తిరిగి, చేతులు ఊపుకుంటూ దానితో మాట్లాడుతోంది.

పానా చప్పుడు ఆగిపోయింది. రమోన్ నా పక్కకొచ్చి నిలబడి అటే చూస్తున్నాడు. అతని చెయ్యి నుదుటి మీదికి, గుండెల మీదికి, రెండు భుజాల మీదికి పోయింది.

అప్పుడు భయం వేసింది. నడివయసులో ఒకసారి ఓడ అడుగున ట్యాంకులో గాలి ఆగిపోయి ఇరుక్కున్నప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. నా పిల్ల నడిచి వెళ్ళిపోతోంది, తోడుగా ఏదో ఉంది.

కేకేశాను. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మనుషులు లేని చోటు కదా. నా ప్రమేయం లేకుండానే నోరు దాన్ని మింగేసి, మనం ఏ ఆడపిల్లనైనా పిలిచే పిలుపే పిలిచింది.

"అమ్మా!"

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

నీరజ చెయ్యి ఎత్తింది. రెండోది ఎత్తలేదు. ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత అదే నా వైపు ముందు నడవడం మొదలుపెట్టింది.

రమోన్ జీపులోకి దూకి హారన్ నొక్కిపట్టాడు. తల బయటపెట్టి "నీరజా! నీరజా!" అని గొంతు చించుకుని అరిచాడు. నీరజ పరుగెత్తింది. రెండోది ఆగింది. పిల్ల నా దగ్గరికి వచ్చి పడేదాకా నేను దాని వైపు చూడలేదు. చూసేసరికి తెలుపు తప్ప ఏమీ లేదు.

నీరజ మొహంలో రక్తం లేదు. నీళ్ళు తాగించాను. ఎవరమ్మా నీతో ఉన్నది అని అడగబోయాను, ఆమే ముందు అంది:

"నాన్నా, నువ్వు ఇక్కడున్నావేంటి?"

"నేనెక్కడికి వెళ్ళాను? ఇక్కడే కూర్చున్నాను."

"నో, నువ్వు నా పక్కనే నడుస్తున్నావ్ కదా. అడుగుల సౌండ్ వింటూనే ఉన్నా. ఆఫీస్ సంగతులన్నీ నీకే చెబుతున్నా. వెనకనుంచి నీ కేక వినబడితే... నువ్వు ఇక్కడ..."

మాట పూర్తి చేయలేదు. తర్వాత ఎప్పుడూ పూర్తి చేయలేదు.

రమోన్ జీపు ఆపకుండా తోలాడు. ఎంతమంది కనబడ్డారని సైగ చేశాను. స్టీరింగ్ మీదనుంచి రెండు వేళ్ళు ఎత్తాడు. కాసేపటికి అతనేదో అడిగితే నీరజ మెల్లగా చెప్పింది:

"నువ్వు ఏమని పిలిచావని అడుగుతున్నాడు."

"అమ్మా అన్నాను. మా దగ్గర కూతుర్ని అలాగే పిలుస్తామని చెప్పు. తల్లిని కూడా. తెలియని ఆడమనిషిని కూడా."

నీరజ చెప్పింది. రమోన్ దారి మీదనుంచి కళ్ళు తిప్పకుండా ఒక్క ముక్క అన్నాడు. అడిగి చెప్పించుకున్నాను.

"అయితే అందరినీ పిలిచాడన్నమాట, అంటున్నాడు."

సింగపూర్ వచ్చేశాం. మా ఆవిడకి ఏమీ చెప్పలేదు. చెబితే, తను చెప్పిన మాట పాటించినందుకే ఇలా అయిందని చెప్పాలి. ఆ మాట ఏ మొహంతో చెప్పను? నీరజ మళ్ళీ ఆఫీసులో పడింది. అలాంటి తెల్లటి బీళ్ళలో కలిగే భ్రమల గురించి నాలుగు పుస్తకాల్లో వెతికాను. ఇద్దరు మనుషులకి ఒకే భ్రమ ఎలా కలుగుతుందో, మూడో మనిషికి దాని అడుగుల చప్పుడు ఎలా వినబడుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం. మా ఆవిడ గుడికి వెళ్ళింది. ఫ్లాట్‌లో నేనొక్కణ్ణే. బయట వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు టపటపలాడుతున్నాయి. కుళాయి బాగుచేసేవాడు సాయంత్రం వస్తానంటే, ఆ సంగతి చెప్పడానికి నీరజ ఆఫీసుకి ఫోను చేశాను. అలవాటు చొప్పున నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, ఎప్పుడొస్తావు?"

"లేటవుతుంది నాన్నా," అంది నీరజ ఫోనులో.

"ఇక్కడే ఉన్నాను నాన్నా," అంది నీరజ గొంతే, నా వెనక వంటింట్లోంచి.

నేను తిరిగి చూడలేదు. ఫోనులో నీరజ చాలా చిన్నగా అడిగింది:

"నాన్నా, ఎవరది? అమ్మ ఇంట్లోనే ఉందా?"

"ఉంది," అన్నాను. "మీ అమ్మే."

ఫోను పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కారిడార్‌లోకి వచ్చి నిలబడ్డాను. టాన్ తలుపు తీసి నా మొహం చూసి, కుర్చీ తెచ్చి వేశాడు. మా ఆవిడ వచ్చి తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ గిన్నె పెట్టిన చప్పుడు వినబడ్డాక గానీ నేను లోపలికి అడుగుపెట్టలేదు. లోపల ఏమీ లేదు. ఉన్నవన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఆ తర్వాత ఇక ఏమీ వినబడలేదు. నేను మళ్ళీ పిలిస్తే కదా. నీరజని పేరుతోనే పిలుస్తాను, ఫోనులోనైనా, జనంలోనైనా. ఆమెకి పెళ్ళయి పాప పుట్టింది. ఇంట్లో అందరూ ఆ పాపని "అమ్మా, అమ్మా" అని ముద్దుచేస్తుంటే నేను లేచి అవతలికి పోతాను. ముసలాయనకి ప్రేమ లేదని అల్లుడు అనుకుంటాడు. అనుకోనీ.

అదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యం అనను. భ్రమ అని కూడా ఇక ఎవరినీ అననివ్వను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు ఫోనులో విన్నది తన తల్లి గొంతేనని నీరజ ఇప్పటికీ నమ్ముతోంది, లేదా నమ్మినట్టుంటోంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాశాను.