మూడు ఓట్లు ఎక్కువొచ్చి ఓడిపోయాను

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఏ గేటు తీసినా లోపల ఒక కథ ఉడుకుతూ ఉండేది. వాటిలో చాలావరకు ఆ గేటు దాటి బయటికి రాలేదు. నా కథ కూడా అలాగే మామూలుగా పోయి ఉంటే ఇప్పుడు పనిగట్టుకుని రాయవలసిన అవసరం ఉండేది కాదు. కానీ అది ఓడిపోయిన తీరు గురించి అక్కడ ఇప్పటికీ మూడు రకాలుగా చెప్పుకుంటున్నారని ఈమధ్యే తెలిసింది. ఒకరు చెప్పేదాని ప్రకారం నేను ఓడిపోయి వెక్కివెక్కి ఏడ్చాను. ఇంకొకరి ప్రకారం నాకు వచ్చింది ఒక్క ఓటు, అదీ నాదే. మూడో వారి ప్రకారం అసలు ఎన్నికే జరగలేదు, నిర్మాతగారు చీట్లు తీయించారు. ఈ మూడూ తప్పే (ఏడ్చిన మాట నిజమే కానీ వెక్కివెక్కి కాదు, అది కూడా యూసుఫ్‌గూడ దాటాక). ఆ ఉదయం ఆ హాల్లో ఉన్న పద్దెనిమిది మందిలో గ్రంథాలయంలో సభ్యత్వం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి జరిగింది జరిగినట్టు రాసిపెట్టవలసిన బాధ్యత కూడా నాదేనని నిర్ణయించుకున్నాను. ఎవరెన్ని చెప్పినా ఈసారి పూర్తిచేసే లేస్తాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కాలేజీ చదువు ఇంటర్మీడియట్ దగ్గర ఆగిపోయింది కానీ చదవడం ఆగలేదు. మధురానగర్‌లో అక్కావాళ్లింట్లో ఉండేవాణ్ణి. ఆదివారం చర్చి అవగానే వెంగళరావు నగర్‌లోని ఒక చిన్న గ్రంథాలయానికి వెళ్లి, మూసేదాకా కూర్చునేవాణ్ణి. అక్కడి లైబ్రరీ అమ్మగారు నన్ను చూసి చూసి, ఎవరూ ముట్టుకోని బీరువా తాళాలు కూడా నాకే ఇచ్చేశారు. ఆ బీరువాలోనే దొరికింది, అట్ట ఊడిపోయిన ఒక తెలుగు పుస్తకం. అమెరికావాళ్లు తమ అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకుంటారో వివరించే పుస్తకం. అక్కడ జనం వేసిన ఓట్లన్నీ ఒకచోట కుప్పపోసి లెక్కపెట్టరట. ఒక్కో రాష్ట్రానికి దాని జనాన్నిబట్టి కొన్ని ఓట్లు, పైన ప్రతి రాష్ట్రానికీ చిన్నా పెద్దా తేడా లేకుండా రెండు ఓట్లు. రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినవాడికి ఆ రాష్ట్రం ఓట్లన్నీ మూటగట్టి ఇచ్చేస్తారు (ఒకటి రెండు రాష్ట్రాల్లో తప్ప. ఈ సంగతి చాలామందికి తెలియదు). అందువల్ల దేశం మొత్తం మీద ఎక్కువమంది ఎవరికి ఓటేశారో అతనే ఓడిపోయిన సందర్భాలు ఆ దేశ చరిత్రలో కొన్ని ఉన్నాయి.

ఆ పేజీ చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎక్కువమంది కావాలన్నవాడు ఇంటికి వెళ్లిపోవడమా! నేను ఊరుకోదలచుకోలేదు. నాలుగు నోటుబుక్కులు కొని, అలా ఓడిపోయినవాళ్లను ఒక్కొక్కరినీ వరసగా తీసుకొచ్చి అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. నా అమెరికాలో మొదటివాడు గెలవగానే రాష్ట్రాల మూటలు రద్దుచేశాడు. దాంతో ఈ రాష్ట్రం ఎలాగూ మనదేలే అనుకునే వీలు పోయి, అభ్యర్థులు ప్రతి ఊరికీ వెళ్లవలసి వచ్చింది. వాళ్లు దిగడం కోసం ఎక్కడెక్కడో మొక్కజొన్న చేల మధ్య రైల్వే ప్లాట్‌ఫారాలు వెలిశాయి. ప్లాట్‌ఫారాలు వచ్చాక బడులొచ్చాయి, బడులొచ్చాక గ్రంథాలయాలొచ్చాయి. నాలుగో నోటుబుక్కు చివరికి వచ్చేసరికి ఆ దేశంలో గ్రంథాలయం లేని ఊరే లేదు. వంద, నూట యాభై ఏళ్ల అమెరికా చరిత్రను మధురానగర్‌లో బట్టలారేసే వరండాలో కూర్చుని నేను సరిచేశాను.

అప్పటికి ఏడాదిగా నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతగారి ఆఫీసులో కథావిభాగంలో సహాయకుణ్ణి. ఇంట్లో కూర్చుని చూసే సిరీస్‌లు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం. నిర్మాతగారు కూడా ఒకటి తీయాలనుకున్నారు. నా ఏడాది గడువు అయిపోవస్తోంది. అక్క దగ్గర నేనొక మాటిచ్చి ఉన్నాను. ఈ ఏడాదిలోగా నా కథ ఒక్కటైనా ఒప్పుకోకపోతే, సినిమా గినిమా వదిలేసి, బావ పనిచేసే కొరియర్ ఆఫీసులో చేరిపోతానని. అక్క దాన్ని ప్రార్థనలో కూడా పెట్టేసింది కాబట్టి వెనక్కి తీసుకునే వీల్లేదు. నేను నిర్మాతగారి ముందు నిలబడి నా అమెరికా గురించి రెండు ముక్కలు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విని, "ఓడినోడు గెలవడమేగా? మన సినిమాలన్నీ అదేగా బాబూ. కానీ తెలుగోడు ఎక్కడ?" అన్నారు. మర్నాటికల్లా కాకినాడలో ఓడెక్కి వెళ్లి అక్కడి ఓట్ల లెక్కింపు గదిలో చేరిన ఒక తెలుగు గుమాస్తాను తీసుకొచ్చాను. "బాగుంది. ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం అందరి ముందూ చెప్పు," అన్నారు.

అందరి ముందూ అంటే నిజంగా అందరి ముందూనే. అది ఆ ఆఫీసు ఆచారం. వంట చేసేవాళ్ల దగ్గర్నుంచి అందరినీ హాల్లో కూర్చోబెట్టి, పోటీలో ఉన్న కథలు చెప్పించి, చేతులెత్తించి, ఎక్కువ చేతులు లేచిన కథ తీసేవారు. ఈసారి నాకు పోటీ మా కో-డైరెక్టరు. అందరూ ఆయన్ని ఇంటర్వెల్ అన్న అనేవారు. ఏ కథయినా ఇంటర్వెల్ దాకా అద్భుతంగా చెప్పి, "మిగతాది ఓకే అన్నాక చెప్తా," అని కండువా దులుపుకుని లేచిపోయేవాడు. ఆయనది లిఫ్టులో దయ్యం కథ.

నేను లెక్కలు వేసుకున్నాను. ఆఫీసులో ఓటర్లు పదిహేడు మంది. కథల గదిలో ఎనిమిది మందిమి. అందులో నేనొక్కణ్ణి పోగా మిగిలింది ఇంటర్వెల్ అన్న, ఆయన కింద పనిచేసే ఆరుగురు, అంటే ఏడు చేతులు కథ మొదలవకముందే ఆయనవి. ఎడిటింగ్ గదిలో ముగ్గురు, వంటింట్లో ముగ్గురు, కారు షెడ్డులో ముగ్గురు డ్రైవర్లు. ఈ మూడు చోట్లా నేను గెలిచినా, ఒక్కోచోట ఒక్కరు జారిపోతే చాలు, చేతుల లెక్కలో నేను చిత్తు. అప్పుడు వెలిగింది. గదులే రాష్ట్రాలు! కథల గదికి ఎనిమిదీ రెండూ పది ఓట్లు. మిగతా మూడు గదులకూ మూడూ రెండూ అయిదేసి ఓట్లు. మూడు చిన్న గదుల్లో ఇద్దరేసి నావైపుంటే చాలు, ఇరవై అయిదులో పదిహేను నావి. ఏ పద్ధతిని తప్పుపడుతూ నాలుగు నోటుబుక్కులు నింపానో ఆ పద్ధతే నన్ను కాపాడబోతోంది. అందులో ఏదో తేడా ఉందని ఆ వయసులో నాకు అనిపించలేదు.

"మన కథ అమెరికా ఎన్నికల మీద కదండీ, ఓటింగు కూడా ఆ పద్ధతిలోనే పెడితే బాగుంటుంది," అని నిర్మాతగారికి గంటసేపు నచ్చజెప్పాను. గోడకు చార్టు అంటించాను. ఇంటర్వెల్ అన్న చార్టు వంక చూసి, "ఏదైతే ఏముంది తమ్ముడూ, దయ్యానికి రాష్ట్రాలేంటి!" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు.

ఆ తర్వాత పది రోజులు నేను ప్రచారం చేశాను. పొద్దున వంటింట్లో, మధ్యాహ్నం ఎడిటింగ్ గదిలో, సాయంత్రం కారు షెడ్డులో. రోజుకు కొంచెం చొప్పున కథ మొత్తం చెప్పేశాను. ముగ్గురు డ్రైవర్లలో డ్రైవరన్న అని మేం పిలిచే పెద్దవాడిది షేక్‌పేట. బోనెట్ మీద చెయ్యి పెట్టుకుని వినేవాడు. "గది సరే గానీ తమ్మీ, గంత దూరం పోయినోడు ఆళ్ల ఓట్లు ఎందుకు లెక్కవెడ్తుండు? ఆళ్లకు లెక్కలు రావా?" అనేవాడు. వంటింటి పిన్ని ఉల్లిపాయలు తరుగుతూ, నా గుమాస్తా చేతికి ఆఖరి కట్ట ఓట్లు చిక్కే ఘట్టంలో కళ్లు తుడుచుకుంది. నేను దాన్ని కథ గొప్పదనంగానే లెక్కవేసుకున్నాను. కథల గదిలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. కథలు రాసేవాళ్ల మధ్య కథ చెప్పకూడదన్నది ఫిల్మ్‌నగర్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం. సోమవారం చెప్పింది బుధవారానికి ఇంకొకరి పేరు మీద తిరుగుతుంది. నా నోటుబుక్కులు టిఫిన్ డబ్బా సంచిలో దాచుకునేవాణ్ణి.

శుక్రవారం వచ్చింది. పదిన్నరకు రాహుకాలం కాబట్టి ఆలోపు తేలిపోవాలని నిర్మాతగారి షరతు. ముందు ఇంటర్వెల్ అన్న. తలుపు కిర్రుమనడం, తీగలు తెగడం అన్నీ నోటితోనే చేశాడు. "లిఫ్టు ఆగింది. ఆ బిల్డింగుకి ఉన్నవి ఆరంతస్తులు, లిఫ్టులో కనపడుతోంది ఏడు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా దయ్యం. దయ్యం చేతిలో ఫొటో. ఎవరిదా ఫొటో? మన హీరోది. మూడేళ్లప్పటిది. ఇంటర్వెల్!" కండువా దులుపుకుని కూర్చున్నాడు. వంటింటి పిన్ని "అమ్మో" అని గుండె మీద చెయ్యేసుకుంది. తర్వాత నేను. ఆదివారం బడిలో వాక్యాలు అప్పజెప్పిన గొంతు కాబట్టి వణకలేదు. అమెరికాను మొత్తం తిప్పి, ప్లాట్‌ఫారాల మీద దింపి, గ్రంథాలయాల్లో కూర్చోబెట్టి పది గంటల పన్నెండు నిమిషాలకు ముగించాను.

ముందు కథల గది. చేతులెత్తమన్నారు. నేను తలొంచుకున్నాను. తలెత్తేసరికి ఏడు చేతులు లేచి ఉన్నాయి, నా కథకు! ఇంటర్వెల్ అన్న ఒక్కడే దయ్యం పక్షాన మిగిలాడు. "ఏంట్రా ఇది?" అన్నాడు తన మనుషుల్ని. వాళ్లలో పెద్దవాడు చెయ్యి దించకుండానే, "నలభై సార్లు విన్నాం అన్నా ఆ లిఫ్టు. ఇతనిది ఇవాళే విన్నాం. బాగుంది," అన్నాడు. నాకు లోపల పెళ్లి బాజాలు మోగాయి. ఇక మిగిలినవి నా సొంత రాష్ట్రాలు! ఎడిటింగ్ గది, దయ్యానికి రెండు, నాకు ఒకటి. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. కారు షెడ్డు, దయ్యానికి రెండు. అందులో ఒకటి డ్రైవరన్నది.

"అన్నా, నువ్వు కూడానా!" అన్నాను.

"నీ కత నాకు ఎర్కనే గద తమ్మీ, పది దినాలు జెప్తివి. మంచిగుంది. గానీ గా దయ్యం చేతికి ఫొటో యాడికెళ్లి వచ్చిందో తెల్వాలె గద!"

వంటింటి పిన్ని అప్పటికే చెయ్యెత్తేసింది. "ఏమనుకోకురా అబ్బాయ్. నీ గుమాస్తా గెలుస్తాడని నాకు మంగళవారమే చెప్పేశావు. ఆ ఫొటో సంగతి తేలకపోతే నాకు చేతిలో గరిటె ఆడదు." అక్కడ కూడా రెండూ ఒకటీ.

నిర్మాతగారు చార్టు దగ్గరికి వెళ్లి కళ్లజోడు సవరించుకున్నారు. "గదుల లెక్కన దయ్యానికి పదిహేను, అమెరికాకి పది. చేతుల లెక్కన అమెరికాకి పది, దయ్యానికి ఏడు," అని చదివి, గడియారం చూసి, నావైపు తిరిగారు. "చేతులెత్తడమే మన పాత పద్ధతి. మార్చింది నువ్వు. ఏ లెక్క తీసుకోమంటావో నువ్వే చెప్పు. ఏదైనా నాకు సమ్మతమే. ఆరు నిమిషాలుంది."

అందులో నేను వాడుకున్న రెండు నిమిషాలూ నాకు బాగా గుర్తు. ఒక్క మాట, 'చేతులండీ' అంటే చాలు. టిఫిన్ సంచిలోంచి నాలుగు నోటుబుక్కులూ అదే చెబుతున్నాయి. బావ ఆఫీసు నాకోసం తలుపు తీసుకుని నిలబడి ఉంది. ఇంటర్వెల్ అన్న కూడా "తమ్ముడి ఇష్టం సార్, నాకేం బాధ లేదు," అన్నాడు. కానీ పది రోజులుగా ఆ చార్టు ముందు నిలబడి, నియమం ముందే పెట్టుకుంటే ఎవరు గెలిచినా గొడవుండదని వాళ్లందరికీ పాఠం చెప్పింది నేనే. ఇప్పుడు నాకు నష్టమని తిప్పేస్తే, ఇక నేను చదివిన పుస్తకాలకు ఈ హాల్లో విలువేం ఉంటుంది?

"గదులేనండి," అన్నాను.

"గిదేం పిచ్చి తమ్మీ!" అన్నాడు డ్రైవరన్న, నాకు వ్యతిరేకంగా ఓటేసినవాడే. నిర్మాతగారు ఒక్క క్షణం నన్ను చూసి, "సరే, దయ్యం," అన్నారు. రాహుకాలానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

నేను మధురానగర్ చేరేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైందిరా? ఓడిపోయావా? ఎన్ని ఓట్ల తేడా?"

"మూడు ఓట్లు ఎక్కువొచ్చి ఓడిపోయానక్కా."

అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. సోమవారం కొరియర్ ఆఫీసులో చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. లిఫ్టు కథ ఏడో అంతస్తు దాకా తీసి ఆపేశారు. దయ్యం చేతికి ఆ ఫొటో ఎలా వచ్చిందో ఇంటర్వెల్ అన్నకే తెలియదని అప్పుడు బయటపడింది.

అమెరికా చరిత్రను అంత తేలిగ్గా మార్చినవాణ్ణి కదా, ఆ శుక్రవారాన్ని కూడా మారుద్దామని చాలాసార్లు కూర్చున్నాను. అంతా సవ్యంగానే సాగుతుంది. నిర్మాతగారు గడియారం చూస్తారు, నావైపు తిరుగుతారు, అడుగుతారు. 'చేతులండీ' అని ఒక్క మాట రాస్తే చాలు, ఆ తర్వాత నా పేరుతో తెర మీద ఒక అక్షరాల వరస, అక్క కళ్లలో సంతోషం, అన్నీ వాటంతటవే వస్తాయి. కానీ కాగితం మీద నిలబడిన ఆ ఇరవై రెండేళ్లవాడు నేనెంత బతిమాలినా ఆ మాట అనడు. టిఫిన్ సంచి గుండెకు హత్తుకుని, చార్టు వంక చూస్తూ, ప్రతిసారీ 'గదులేనండి' అనేస్తాడు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు నవ్వొస్తోంది, కాస్త ముచ్చటగా కూడా ఉంటోంది.

ఈ నాలుగు మాటలు రాయడానికి సాయపడినవాళ్లు వీళ్లు. బీరువా తాళాలిచ్చిన లైబ్రరీ అమ్మగారు. నిమిషాల లెక్కతో సహా గుర్తుచేసిన డ్రైవరన్న. చార్టును ఇన్నాళ్లూ బియ్యం డబ్బా కింద పరిచి భద్రంగా ఉంచిన వంటింటి పిన్ని. ఎవరు గెలిచారని అడిగితే ఇప్పటికీ నా పేరే చెప్పే ఇంటర్వెల్ అన్న. నిర్ణయం నాకు వదిలేసిన నిర్మాతగారు. ఉద్యోగమిచ్చిన బావ, జ్వరం లేదని తేల్చిన అక్క. వీళ్లందరికీ నా వందనాలు. ఆ హాల్లో నిలబడినవాడికి కూడా. వాడు మాత్రం నా మాట విననందుకు.