ఊట పక్కన బండ

పొద్దున ల్యాబ్ తాళం తీయగానే లింగం ముందు చేసే పని, కడిగి బోర్లించిన సీసాలను ఒక్కొక్కటిగా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. సంగారెడ్డిలోని ఒక కాలేజీలో, జంతుశాస్త్ర విభాగంలో అతను అటెండరు. పద్నాలుగేళ్లుగా జిన్నారం వైపు వాగుకు నెలకోసారి వెళ్లి నీళ్లూ పురుగులూ తెచ్చేది అతనే. చలికాలంలో రాయి తిప్పితే అడుగున మంచి నీళ్లలోనే బతికే మూడు తోకల సన్న పురుగులు అతుక్కుని ఉంటాయని, ఎండాకాలం నీళ్లు నల్లబడి బురదలో ఎర్ర పురుగులే మిగులుతాయని, తొలివాన కంపెనీల మురికిని కడిగి తెస్తే పరక చేపలు వెల్లకిలా తేలతాయని, రెండో వరద పోయాకే వాగు తేరుకుంటుందని ఎవరూ నేర్పకుండానే అతను తెలుసుకున్నాడు.

"లింగం చూసిండంటే ఇగ నీళ్లు కొలిచే మీటరెందుకయ్యా" అనేవారు విభాగం పెద్ద విశ్వేశ్వర్ సారు.

వాగు మీద పరిశోధన ప్రాజెక్టులో పనికి స్నేహలత చేరాక ఆ మాట ఆగిపోయింది. లింగం తడి కాళ్లతో బకెట్ పట్టుకుని పక్కనే నిలబడ్డా, "నీళ్లెట్లున్నయమ్మా?" అని సారు ఆమెనే అడిగేవారు. ఆమె తప్పు చెప్పినా బాగుండేది. సరిగ్గానే చెప్పేది. లింగానికి కడుపు మండేది అక్కడే.

ఏప్రిల్‌లో వాగు ఒడ్డున ఆమె అడిగింది: "లింగన్నా, వల ఏడ ఏద్దాం?"

గట్టు కింద ఒక ఊట సన్నగా వాగులో కలుస్తుంది. వాగంతా నల్లబడినా ఆ ఊట పక్కన బండ చుట్టూ మూరెడు మేర నీళ్లు తేటగానే ఉంటాయి.

"గా బండ కాడ ఏయుండ్రి మేడం. నేనెప్పుడు గాడనే ఏస్త."

అబద్ధం. ఆ పురుగులు వాగువి కావని సారు చూడగానే కనిపెట్టి ఆమెను నలుగురిలో తప్పు పడతారని అతని ఆశ.

కానీ పురుగులను చూసి సారు మురిసిపోయారు. "ఎండకాలంల మూడు తోకల పురుగులా? వాగు బాగుపడ్డదమ్మా. సోమవారం రైతుల మీటింగ్‌ల చదువుదాం."

కంపెనీల మురుగు మీద ఫిర్యాదు పెట్టుకున్న రైతులు అడిగిన నివేదిక అది. వాగు బాగుందని అందులో ఉంటే వాళ్ల ఫిర్యాదు అక్కడితో సరి. అయినా లింగం చూపు ముందు పడింది ఆ మాట మీద కాదు, కింద టైపు చేసిన 'సేకరణ: స్నేహలత' మీద. పద్నాలుగేళ్లలో తన పేరు ఏ కాగితం మీదా లేదు. అబద్ధం తనదైతే పేరు ఆమెకొచ్చింది.

రైతులు ఆ తర్వాతే గుర్తొచ్చారు. రెండు రోజులు అన్నం సయించలేదు. శనివారం ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మేడం, గా బండ కాడ ఊట ఉన్నది. గవి వాగు పురుగులు గావు."

"గప్పుడు తెల్వదా అన్నా?"

"తెల్సు."

"మరి?"

లింగం సీసా మూత బిగించాడు. "సారు నన్ను అడుగుడు బంజేసిండు."

"గిది ఇన్నంక నన్ను గూడ అడుగుడు బంజేస్తడు," అంది స్నేహలత. నవ్వలేదు.

ఆదివారం ఇద్దరూ వెళ్లి వాగు నడుమ వల వేశారు. ఎర్ర పురుగులే పడ్డాయి. జరిగింది చెబితే సారు ఇద్దరినీ తిట్టి, సోమవారం రైతులకు ఆ కొత్త లెక్కే చదివి వినిపించారు.

లింగం సర్వీసు ఇంకా రెండేళ్లు ఉంది. నెలకోసారి వాగుకు ఇద్దరూ వెళ్తారు. వల ఎక్కడ వేయాలో స్నేహలత అతన్నే అడుగుతుంది, అడిగాక ఇంకో రెండు చోట్ల కూడా వేస్తుంది.