పద్దెనిమిది పెట్టెలు, ఒక ఐసు బండి

నా జీవితంలో నేను వేసిన అత్యుత్తమ ప్రణాళిక సరిగ్గా రెండున్నర గంటలు బతికింది. పొద్దున్న ఆరింటికి భీమవరం దగ్గర మా కాలేజీ గేటులో పుట్టి, ఎనిమిదిన్నరకి రాజమండ్రి విమానాశ్రయం కౌంటరు ముందు కన్నుమూసింది. ఎలా పోయిందో చెబుతాను. ఆ రోజు నేను నవ్వలేదు గనక నా వంతు కూడా మీరే నవ్వాలి.

అప్పుడు నేను మెకానికల్ నాలుగో ఏడు. ఒక సెమిస్టరు జర్మనీలో చదవడానికి మా కాలేజీ నుంచి తొమ్మిది మందిని ఎంపిక చేశారు. "ప్రయాణం ఏర్పాట్లు ఎవరు చూస్తారర్రా?" అని మా ప్రొఫెసర్ గారు అడగడం పూర్తి కాకముందే నా చెయ్యి పైకి లేచింది. పులస పేరు వింటే కొందరు ఎలా అయిపోతారో, జాబితా అనే మాట వింటే నేను అలా అయిపోతాను.

నూట నలభై ఆరు వరుసల ఎక్సెల్ షీటు తయారైంది. బస్సులో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, రావులపాలెంలో ఇడ్లీ ఎన్ని నిమిషాల్లో ముగించాలి, అన్నీ అందులో ఉన్నాయి. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఒక టికెట్టు, హైదరాబాదు నుంచి జర్మనీకి వేరే టికెట్టు తీశాను. ఈ 'వేరే' అన్న మాట కింద ఒక గీత గీసుకోండి. తర్వాత పనికొస్తుంది.

ముప్పై ఏడో వరుసలో ఒక నిబంధన పెట్టాను: సాగనంపడానికి ఎవరూ రాకూడదు. మన వైపు ఒక్కడు విమానం ఎక్కుతుంటే పదహారు మంది వెంట వస్తారు, నాలుగుచోట్ల టిఫిన్లకి ఆగుతారు. షెడ్యూలు ఏమైపోవాలి? అందరి ఇళ్ళల్లోనూ గొణిగి ఊరుకున్నారు. ఒక్కరు తప్ప.

ఆయన దుర్గ వాళ్ళ నాన్నగారు, నాగేశ్వరరావు గారు. దుర్గ మా బ్యాచ్‌లో ఫస్టు. నరసాపురంలో వాళ్ళది చేపల వ్యాపారం. బయల్దేరే రోజు పొద్దున్న గేటు దగ్గరికి వచ్చేసరికి మా బస్సు వెనకాల ఆయన ఐసు బండి నిలబడి ఉంది. చేపల్ని ఐసులో పెట్టి మార్కెట్‌కి తోలే మూత వ్యాను. నేను షీటు బిగించిన అట్ట పట్టుకుని పోలీసులా నడిచాను.

"ఏవండీ, ఈ బండి లిస్టులో లేదండి."

"ఆయ్, తెలుసండి. పాప చెప్పింది."

"మరి?"

"మీ బస్సెక్కనండి. రోడ్డు మీద వెనకాల వస్తానంతే. రోడ్డు మీ లిస్టులో లేదు కదండి?"

"విమానాశ్రయం లోపలికి మిమ్మల్ని రానివ్వరండి."

"అద్దంలోంచైనా కనబడుద్ది కదండి. ఇది మమ్మల్నొదిలి ఇంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. ఓసారి చెయ్యూపి వచ్చేస్తాను."

"సరే, బస్సుకి యాభై మీటర్లు ఎడం పాటించండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

బస్సు రాజమండ్రికి రెండు నిమిషాలు ముందే చేరింది. నా భుజం నేనే తట్టుకున్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి మా పెట్టెల వరస చూసి లేచి నిలబడింది.

"సార్, ఒక్కొక్కరికి పదిహేను కిలోలేనండి."

"కాదండి, నలభై ఆరు. ఇరవై మూడు చొప్పున రెండు పెట్టెలు. చూడండి, అరవై రెండో వరుస."

"అది మీ జర్మనీ టికెట్టుకండి. ఇది వేరే టికెట్టు కదండీ."

వేరే. గీత గీసుకోమన్నాను కదా.

"పోనీ, ఎక్కువకి డబ్బులు కట్టేస్తామండి."

"కట్టినా చోటుండాలి కదండి. చిన్న విమానం. రెండో మూడో అయితే చూస్తాను. పద్దెనిమిది ఎక్కడ పెట్టమంటారు?"

పెట్టెలు వదిలేస్తే పుస్తకాలు, చలి బట్టలు, ప్రాజెక్టు సామాను, ఆర్నెల్ల ఆవకాయ అన్నీ ఇక్కడే. పెట్టెల కోసం ఆగిపోతే రాత్రి విమానం పోతుంది, దాంతో జర్మనీలో సీట్లూ పోతాయి. ఎనిమిది జతల కళ్ళు నన్ను మినప్పప్పులా రుబ్బుతున్నాయి. మాతో హైదరాబాదు దాకా వస్తున్న ప్రొఫెసర్ గారు నెమ్మదిగా అడిగారు.

"ఏమయ్యా శ్రీకర్, దీనికి ఏ వరుస?"

"దీనికి వరుస లేదు సార్."

అప్పుడే అద్దం అవతల ఒక చెయ్యి ఊగుతూ కనిపించింది. నాగేశ్వరరావు గారు. పాపం, ఎప్పటి నుంచి ఊపుతున్నారో! దుర్గ బయటికి పరిగెత్తి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"మా నాన్న బండి ఖాళీయేనంట. సాయంత్రం ఆరున్నరకల్లా హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకి చేర్చేస్తానన్నారు."

ప్రొఫెసర్ గారు నా వైపు తిరిగారు. "నువ్వు కూడా ఆ బండెక్కు. ప్లాను నీది కదా!"

మొదటి విమానం ఎక్కకపోతే రెండో టికెట్టు రద్దవుతుందేమోనని మీరు కంగారు పడొద్దు. వేరే టికెట్టు! నన్ను ముంచిన మాటే చెయ్యందించి పైకి లాగింది.

నాగేశ్వరరావు గారు శుభ్రంగా కడిగిన బండిలో పట్టా పరుస్తుంటే నేను మళ్ళీ అట్ట తీశాను.

"ఒకటో నంబరు పెట్టె ముందు ఎక్కాలండి. క్రమం ముఖ్యం."

"ముందెక్కితే ఆ చివరికంటా పోద్దండి. ఆ మూలకి పట్టా అందదు."

"పర్వాలేదండి. క్రమం ఉండాలి."

"మీ ఇష్టమండి."

ఒకటో నంబరు పెట్టె ఎవరిదో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఏలూరు దాటేదాకా నేను ఫోనులో మ్యాపు చూసి సలహాలు ఇస్తూనే ఉన్నాను. ఆయన చాలాసేపు ఓర్చుకున్నారు.

"బాబూ, తెల్లారేసరికి నా చేప హైదరాబాద్ మార్కెట్లో ఉండాలండి. వారానికి నాలుగుసార్లు ఇదే రోడ్డు. లేటైతే మీ షీటు ఊరుకుంటుంది. చేప ఊరుకోదండి."

నేను ఫోను జేబులో పెట్టేశాను. విజయవాడలో లారీలు ఎక్కడ ఆగిపోతాయో, ఏ టోలు గేటులో ఏ వరస కదులుతుందో, సూర్యాపేటలో ఏ కొట్టువాడు టీ గ్లాసు చేతికందించడం ఆలస్యం చెయ్యడో, అన్నీ ఆయనకి తెలుసు.

"ఇవన్నీ ఎక్కడ రాసుకున్నారు బాబాయ్ గారూ?"

"రాసుకోడానికి చేతులు ఖాళీ ఉంటే కదండి!" అని స్టీరింగు తిప్పారు.

ఆరూ పదికి ఐసు బండి శంషాబాదు విమానాశ్రయం పార్కింగులోకి దిగింది. మా ఎనిమిది మందీ ట్రాలీలు తోసుకుంటూ, కప్పు గెలిచిన జట్టులా కేకలు వేస్తూ ఎదురొచ్చారు. పద్దెనిమిది పెట్టెలూ దిగాయి. ఒక్కటీ తగ్గలేదు. దుర్గ మాత్రం తన పెట్టె వైపు చూడనే లేదు. నాన్నగారి పక్కన అరుగు మీద కూర్చుని, ఆయన కోసం కొన్న పులిహోర పొట్లం విప్పింది. మేం లోపలికి వెళ్ళే వేళకి ఆయన నా దగ్గరికి వచ్చారు.

"పొద్దున్న అద్దంలోంచి చూస్తే చాలనుకున్నానండి. గంటన్నర పక్కనే కూర్చుని చూసుకున్నాను. మీ ప్లాను మంచిదేనండి."

మొత్తం ప్రయాణంలో నా ప్లానుకి దక్కిన మెప్పు అదొక్కటే. ఇప్పటికీ దాచుకున్నాను.

ఇక ఒకటో నంబరు పెట్టె సంగతి. నా ఒకే ఒక్క సూటు అందులో ఉంది. బండి చివరి మూల, ఏళ్ళ తరబడి చేపల ఐసు నీళ్ళు ఇంకిన చెక్కని ఆనుకుని అది తొమ్మిది గంటలు ప్రయాణించింది. జర్మనీలో మొదటి రోజు పరిచయ సభకి ఆ సూటులోనే వెళ్ళాను. అక్కడి ప్రొఫెసరు నాతో చెయ్యి కలిపి, ఒక్క క్షణం ఆగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీ ఊరు సముద్రానికి దగ్గరా?"

నేను నోరు తెరిచేలోగా దుర్గ అందుకుంది. "మా ఊరు దగ్గరండి. ఈయన ఇంకా దగ్గర."

హాస్టలు పిల్లి వారం రోజులపాటు నన్ను గది దాకా సాగనంపింది. దాన్ని రావద్దనడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి, నూట నలభై ఆరు వరుసల మీద కుడి చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఒకే ప్రయాణానికి వేరే వేరే టికెట్లు తియ్యను. నా పెట్టెకి ఒకటో నంబరు ఇచ్చుకోను. ముప్పై ఏడో వరుస కొట్టేసి, ఇలా దిద్దాను: సాగనంపడానికి అందరూ రావచ్చు. బండితో వస్తే మరీ మంచిది.