ఎర్ర గుడ్డ కట్టిన కత్తిపీట

పొద్దున ఏడింటికి కోళ్ళ దుకాణం మనిషి వచ్చి మా హోటలు వెనక గుమ్మంలో బుట్ట దించుతాడు. హనుమాన్ జంక్షన్‌లో ఆ వేళకి లారీల పొగ, ఇడ్లీ ఆవిరి, గల్లాపెట్టె దగ్గర అగరొత్తుల వాసన అన్నీ కలగలిసి ఉంటాయి. వాటన్నిటినీ పక్కకి నెట్టుకుంటూ పచ్చి మాంసం వాసన లోపలికొస్తుంది. దాని వెనకే నేను చేతులు రుద్దుకునే ఎర్ర సబ్బు వాసన, ఆసుపత్రి వరండాలో వచ్చేలాంటిది. ఆ రెండూ కలిశాయంటే చాలు, నా వీపు వెనకాల ఎవరో వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఇదే వరస. తిరిగి చూడను. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు, ఉంటారేమోనని భయం కూడా. పెదాలు మాత్రం వాటంతటవే కదులుతాయి. "బుల్లెయ్య... సుబ్బులు... మంగ... అప్పారావు..." మా వంటవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటారు, బాబాయి జపంలోకి వెళ్ళాడని. ఆ నాలుగు పేర్లూ నేను మొదటిసారి విన్నప్పుడు జపమనుకోలేదు. అంతకన్నా ఘోరంగా అనుకున్నాను.

ఆ పేర్లు నాకిచ్చిపోయింది తిరపతమ్మ. మా ఆవిడకి దూరపు మేనత్త కాబట్టి నాకూ అత్తే అయింది. ఎనభైల్లో మాట. అప్పటికి నాకు పాతికేళ్ళు, పెళ్ళయి ఏడాది. ఏడో తరగతిలో లెక్కల మేస్టారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక విడిపోయాక, సైకిలు షాపు, సోడాబండి, సినిమాహాల్లో టిక్కెట్లు చింపడం అన్నీ అయ్యాయి. ఆ ఎండాకాలం ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటలో తేలాను. కోతల రోజుల్లో ఆ తోటలో నలభై యాభై మంది పనిచేసేవాళ్ళు. వాళ్ళకి వండిపెట్టడం అత్త పని, ఆవిడకి చేదోడుగా ఉండడం నా పని, నోరు మూసుకుని ఉండడం నాకు చేతకాని పని. అత్త సన్నగా, పొడుగ్గా, ఎండిన కొబ్బరిమట్టలా ఉండేది. మామిడితోటలో నేలంతా ఎండాకులే కదా, ఉడత పరిగెత్తినా కరకరమంటుంది. అత్త నడిస్తే ఆ చప్పుడు ఉండేది కాదు. నేను ఎవరినో అనుకరిస్తూ నలుగురినీ నవ్విస్తుంటే, ఆ నలుగురి నవ్వూ ఒక్కసారిగా ఆగిపోయేది. అప్పుడు తెలిసేది, అత్త నా వెనకాల ఉందని.

పొయ్యికి అవతల ఒక రాతి పలక, దాని మీద ఎర్ర సబ్బు ముక్క ఉండేవి. పచ్చి మాంసం ముట్టుకుందంటే అత్త మధ్యలో ఉప్పుడబ్బా గానీ గరిటె గానీ, కొంగు గానీ తాకేది కాదు. రెండు చేతులూ గాలిలో పెట్టుకుని తిన్నగా అక్కడికి నడిచేది. మోచేత్తో చెంబు వంచుకుని, సబ్బు రుద్దుకుంటూ ఆ నాలుగు పేర్లూ చెప్పేది. హెచ్చూ తగ్గూ లేని గొంతు. మూడో పేరు దగ్గర మాత్రం కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పట్టుకుని, తోలు ఊడిపోతుందేమో అన్నట్టు రుద్దేది. నాలుగో పేరుతో పని ముగిసేది.

"ఏంటత్తా, అలా గొణిగితే వాళ్ళకేం వినపడుద్ది? గట్టిగా పిలవకూడదా, వస్తారు," అన్నాను మొదటిరోజే.

"రారు."

"ఏం, అంత దూరమా?"

"పిలిస్తే వచ్చే చోట లేరు. నువ్వూ కడుగు. నాలుగు పేర్లూ అయ్యేదాకా చెయ్యి తియ్యకు."

నేను నవ్వబోయాను. కానీ ఆవిడ మొహంలో దానికి చోటు కనిపించలేదు. మధ్యాహ్నం కాయలు కోసే వెంకన్న చిక్కం కర్ర చెట్టుకి ఆనించి, నా పక్కన కూలబడి చెవిలో చెప్పాడు. "ఒరే సూర్రావూ, అవి ఆవిడ చంపినోళ్ళ పేర్లంటరా. రెడ్డిగూడెం వైపు ఏ తోటకీ ఆవిణ్ణి వంటకి పిలవరు, తెలుసా? చేతబడి." నేను వాణ్ణి, "మరి నువ్వు రోజూ మూడుసార్లు అడిగి వడ్డించుకుంటావేరా?" అని వెక్కిరించాను. వెక్కిరించాను గానీ, ఆ తర్వాత ఆవిడ పొయ్యి దగ్గరుంటే నేను వీపు చూపించి కూర్చోలేదు.

ఆవిడ దగ్గర రెండు కత్తిపీటలు ఉండేవి. ఒకదానికి తెల్ల గుడ్డ కట్టి ఉండేది, అది కూరలకి. ఇంకోదానికి ఎర్ర గుడ్డ, అది కోడికీ మేకకీ. ఎర్రది ఉండే చోట తెల్లది ఉండకూడదు. మాంసం కడిగిన నీళ్ళు ఎక్కడ చిమ్మితే అక్కడ విస్తరి పడకూడదు. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్ళెంలో వండిన ముక్క పెట్టకూడదు.

"దానికేమన్నా దయ్యం పట్టిందా అత్తా?" అన్నాను ఎర్ర గుడ్డ పీట చూపించి.

"పట్టింది," అంది తాపీగా. "కంటికి కనపడదు. నీళ్ళకి భయపడదు. నిప్పుకి మాత్రం భయపడుద్ది."

ఒకనాడు మేకని కోశారు. వెంకన్న కార్జం ముక్క ఒకటి నిప్పుల మీద అటూ ఇటూ చూపించి నోట్లో వేసుకోబోయాడు. అలా పచ్చిపచ్చిగా తింటే కండ పడుతుందని వాడి నమ్మకం. అత్త ఎటునుంచి వచ్చిందో, వాడి మణికట్టు పట్టుకుంది. ఆ ముక్కని పుల్లతో చీల్చి లోపలి ఎరుపు వాడి కళ్ళముందు పెట్టింది. "చూడు. ఇదింకా చావలేదు," అంది. గాలి లేని మధ్యాహ్నం. వందల కాయలు వేలాడుతున్నాయి, ఒక్కటీ ఊగడం లేదు. వెంకన్న ఆ ముక్కని తిరిగి నిప్పుల్లోకి వదిలేశాడు. మళ్ళీ తియ్యలేదు.

ఇక ఆఖరి కోత రోజు. తోట గుత్తకి తీసుకున్న ఆసామి అందరికీ కోడి పలావు పెట్టిస్తానన్నాడు. పనివాళ్ళతో పాటు వాళ్ళ ఇంటివాళ్ళూ వచ్చారు. చంకబిడ్డలతో సహా డెబ్భై మంది దాకా ఉంటారు. కోళ్ళు నేనే కోసి, ఎర్ర గుడ్డ పీట మీద ముక్కలు కొట్టాను. పలావు దమ్ములో ఉండగా అత్త పెరుగుపచ్చడికి ఉల్లిపాయలు తరగమంది. తెల్ల గుడ్డ పీట చూస్తే లేదు. ఆడవాళ్ళు పుల్లమామిడికాయలు తరుక్కోడానికి అవతలి చెట్ల కిందికి పట్టుకెళ్ళారు. పది చెట్ల దూరం. ఆ పది చెట్ల దూరం నడవడానికి నాకు బద్ధకం వేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఎర్ర గుడ్డ విప్పి, పీట మీద రెండు చెంబులు నీళ్ళు పోశాను. కత్తి తళతళలాడింది, రక్తం చుక్క లేదు. ఉల్లిపాయలన్నీ తరిగి పెరుగులో కలిపి, గుడ్డ మళ్ళీ కట్టేశాను. తరుగుతూ తరుగుతూ నాలుగైదు ముక్కలు నోట్లో వేసుకున్నాను. తరిగేవాడు తినకపోతే ఉల్లిపాయకి అవమానం కదా.

విస్తళ్ళు పడ్డాయి. అందరూ కూర్చున్నారు. పలావు వడ్డన మొదలైంది. నేను పచ్చడి గంగాళం ఎత్తబోతుంటే అత్త పొయ్యివైపు తిరిగే ఉండి అడిగింది.

"ఏ పీట మీద తరిగావు?"

"తెల్లదాని మీదే అత్తా. నా మీద అంత అనుమానమైతే ఉల్లిపాయల్నే అడుగు."

ఆవిడ నెమ్మదిగా ఇటు తిరిగింది. నన్నే చూస్తూ మొదలుపెట్టింది. "బుల్లెయ్య... సుబ్బులు... మంగ... అప్పారావు..." చేతుల్లో సబ్బు లేదు, నీళ్ళు లేవు. ఖాళీ చేతులు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. నాలుగో పేరు తర్వాత ఆగి అడిగింది.

"నీ పేరేంటి?"

"సూర్రావునత్తా. మర్చిపోయావా?"

"మర్చిపోలా. వరసలో ఎక్కడ పెట్టాలో చూస్తన్నా."

నా నోటికి మొదటిసారి జోకు దొరకలేదు. ఎదురుగా బంతిలో ఒక తల్లి తన పిల్లకి పలావులో ముక్క వెతికి పెడుతోంది. ఇంకొకాయన, "పెరుగుపచ్చడి ఏదయ్యా?" అని అరుస్తున్నాడు. గంగాళం నా చేతుల్లో బరువెక్కిపోయింది. "ఎర్రదాని మీద తరిగాను. కడిగానత్తా, రెండు చెంబులు పోసి కడిగాను," అన్నాను. ఆవిడ గంగాళం లాక్కుని, డెబ్భై మందీ చూస్తుండగా చెత్త గోతిలో బోర్లించి, మీద మన్ను తోసేసింది.

ఆసామి లేచొచ్చాడు. "ఏంటి తిరపతమ్మా, పెరుగంతా మట్టిపాలు చేశావు?"

"బల్లి పడిందండీ," అంది.

ఆయన వెళ్ళాక నేను మెల్లిగా అడిగాను. "నీకెలా తెలిసిందత్తా?"

"ఎర్ర గుడ్డ తడిసి ఉంది. చెప్పకుండా నువ్వు ఏ వస్తువైనా కడిగావంటే, తప్పు చేశావనేగా?"

తిన్న ముక్కల సంగతి మాత్రం చెప్పలేదు. మర్నాడు పొద్దున పొట్టలో ఎవరో చెయ్యిపెట్టి మెలితిప్పినట్టయింది. వాంతులు, విరేచనాలు, ఆపైన ఒళ్ళు కాలిపోయే జ్వరం. తోటలో పాక ముందు, చిన్నరసం చెట్టు కింద మంచం వేసి పడుకోబెట్టారు. ఆగిరిపల్లి నుంచి డాక్టరు మోపెడ్ మీద వచ్చి, సెలైన్ బాటిల్ కొమ్మకి కట్టాడు. కాయల మధ్య అదీ ఒక కాయలా వేలాడింది. చుక్క చుక్కగా నాలోకి దిగుతుంటే, చెట్టు రసమే ఎక్కిస్తున్నారేమో అనిపించింది. నా మనసులో ఒకటే మాట: అత్త నన్ను వరసలో పెట్టేసింది.

నడిమధ్యాహ్నం కళ్ళు మూసుకుని ఉన్నాను. నా బట్టలు ఉతికి, అత్త పలక దగ్గరికి వెళ్ళినట్టుంది. చెంబు చప్పుడు, సబ్బు చప్పుడు. "బుల్లెయ్య..." నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. "సుబ్బులు... మంగ..." అక్కడ ఆ వేలు రుద్దుకోవడం కూడా వినపడింది నాకు. "అప్పారావు." నాలుగో పేరుతో ఆగిపోవాల్సిన చప్పుడు, ఆ రోజు ఆగలేదు. చేతులు ఇంకా రుద్దుకుంటూనే ఉన్నాయి. ఒక ఊపిరి పోయింది. రెండోది పోయింది. అయిదో పేరు నాదేనని తెలుసు, అది వినపడకపోతే చాలని ఉంది. నీళ్ళు పోసిన చప్పుడయింది. పేరు మాత్రం రాలేదు.

మజ్జిగలో ఉప్పు వేసుకొచ్చి నా తల ఎత్తి పట్టుకుంది. "అత్తా, నా పేరెందుకు చెప్పలేదు?" అన్నాను. ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

"ఉల్లిపాయ ముక్కలు తిన్నావు కదూ?"

తల ఊపాను. అత్త నేల మీద కూర్చుంది.

"మా చెల్లెలి కొడుకు పెళ్ళి. వంట నేనే. కోళ్ళు కొట్టిన పీటే నీళ్ళు పోసి కడిగి, దానిమీదే ఉల్లిపాయలు తరిగాను. రక్తం కనపడకపోతే పోయిందనుకున్నా. కూర కుతకుతా ఉడికింది, దాన్నేం అనడానికి లేదు. పచ్చడిలో ఉల్లిపాయ ఉడకదు కదరా. ఊరంతా మంచాన పడింది. చాలామంది లేచారు. లేవనోళ్ళు నలుగురు. బుల్లెయ్య ముసలాయన. సుబ్బులు బాలింత. అప్పారావు పెళ్ళికొడుకు తండ్రి. పోయిన వరసలోనే చెప్పుకుంటా."

మూడో పేరు దాటేసిందని నేను గమనించాను. అడగాలా వద్దా అని చూస్తుంటే, తన కుడిచేతి చూపుడువేలు తనే చూసుకుంటూ చెప్పింది.

"మంగ నా కూతురు. ఏడాదిన్నర. పని చేసుకోనివ్వకుండా ఏడుస్తంటే, ఈ వేలికంటిన పెరుగు నాకించా."

తోటలో ఎక్కడో ఒక కాయ రాలింది.

"అయిదోసారి ఎందుకు రుద్దావు మరి?"

"నువ్వు పోతే నీ పేరు పెట్టాలని చోటు ఖాళీగా ఉంచా. నువ్వు నిజం చెప్పావు కాబట్టి డెబ్భై మందీ ఇళ్ళకెళ్ళారు. నువ్వు బతికితే ఆ ఖాళీకి కాపలా నువ్వే. చేతులు కడిగినప్పుడల్లా నలుగురినీ తలుచుకుని, అయిదో పేరంతసేపు ఆగు. అక్కడికి ఎవరూ రాకుండా చూసుకో."

మూడోనాటికి లేచాను. నాలుగోనాటికి వెంకన్నని అనుకరిస్తూ నవ్వించాను. అత్త నాతో మరో ఆరు ఎండాకాలాలు వండింది. తర్వాత పెద్ద వయసులో, ఏ బాధా లేకుండా పోయింది. ఆ రోజు ఆవిణ్ణి సాగనంపి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే అయిదో చోట ఆవిడ పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ నాకిచ్చిన చోటు అందుకు కాదు.

ఇప్పుడు మా హోటల్లో పచ్చి మాంసం ఫ్రిజ్‌లో అట్టడుగు అరలో ఉంటుంది, దాని నీళ్ళు దేనిమీదా కారకుండా. కత్తిపీటలు పోయి చెక్కలు వచ్చాయి, అయినా మాంసం చెక్కకి ఎర్ర గుడ్డ కట్టే ఉంటుంది. ముక్క విరిస్తే లోపల ఎరుపు కనపడిందంటే, కస్టమరు బల్ల గుద్దుతున్నా సరే, అది మళ్ళీ పొయ్యి మీదికే. కొత్తగా చేరిన వంటవాళ్ళు ముసలాడి చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నవ్వే నోళ్ళని ఎలా తిప్పుకోవాలో నాకు తెలుసు, నాదీ అలాంటి నోరే.

ఈ పొద్దున కూడా సబ్బు రుద్దుకుంటూ నాలుగు పేర్లూ చెప్పాను. అయిదో దాని దగ్గర ఆగాను. నా చేతులు ఆగిపోయాయి. రుద్దుతున్న చప్పుడు మాత్రం, నా వెనకాల, ఇంకొక్క ఊపిరి సేపు వినపడింది. నేను వెనక్కి తిరగలేదు.

"అయిదో చోట ఎవరూ లేరత్తా," అన్నాను. "ఇవాళ కూడా ఎవరూ లేరు."

నీళ్ళు పోసుకున్నాను.