ఫ్లాపీకి పెట్టిన బొట్టు

కల్లూరులో నా టీవీ రిపేరు షాపుకు ఈమధ్య టీవీలు రావడం లేదు. పాడైతే పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. ఈగలు తోలుకుంటూ కూర్చున్నవాడికి అందరూ సలహాలు చెప్తారు గానీ పని చెప్పరు. నాకు పని చెప్పే మనిషి ఒక్కడే మిగిలాడు, వెనక వీధి కాశన్న. ఆయన చెప్పే పని నా వల్ల కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పిలుస్తాడు. నేనూ పోతాను.

కాశన్నది ఎమ్మిగనూరు. మగ్గం మనిషి. గ్రాఫు కాగితం మీద గడులు నింపి చీర అంచు గీయడం, అది చూసి, మగ్గానికి ఆ అంచు చెప్పే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టడం ఆయన పని. భార్య సుబ్బక్క మగ్గం మీద కూర్చుంటే ఆ అంచు చీరలోకి దిగేది. నేత గిట్టుబాటు కాక మగ్గం అమ్మేసి కల్లూరు వచ్చారు. కాశన్న కర్నూల్లో ఒక బట్టల షాపులో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. జీవితమంతా అంచులు గీసినవాడికి ఆ పని ఇచ్చిన దేవుడి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కతే కూతురు, లక్ష్మీదుర్గ. ఇంజనీరింగ్ చదివి బెంగళూరు కంపెనీలో చేరింది.

కరోనా మొదటి ఏడు ఆ పిల్ల ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. లాక్‌డౌన్ సడలాక ఒకరోజు పాత సామాన్ల అంగడిలో ఒక పాతకాలం కంప్యూటర్ చూసి, ఎత్తుకుని నా షాపుకే తెచ్చింది. నలభై ఏళ్ల కింద ఇళ్లలో టీవీకి తగిలించి వాడుకున్న రకం. కీబోర్డు, కంప్యూటరు అంతా ఒకే డబ్బా. పక్కన, అప్పడమంత ఫ్లాపీలు పట్టే డ్రైవు. లోపల కరెంటు వచ్చే భాగం మాడిపోయి ఉంటే నేనే బాగుచేశాను. మూలన పడున్న నా పాత డబ్బా టీవీ కూడా ఇచ్చాను. కంప్యూటర్‌ను లేపి నడిపించడానికి ఆమె యూనిక్స్ లాంటి చిన్న వ్యవస్థ ఒకటి ఫ్లాపీలోకి ఎక్కించింది. అదేమిటో నాకు ఎక్కలేదు. వాళ్ల నాయనకు చెప్తుంటే విని కొంచెం అర్థం చేసుకున్నాను.

"ఇంట్లో పెద్దోడు ముందు లేస్తాడు కదా నాయనా. లేచి ఒక్కొక్కర్నే లేపుతాడు. నువ్వు లెయ్యి, పొయ్యి ముట్టీ. నువ్వు లెయ్యి, నీళ్లు పట్టు. ఇదీ అట్లనే. ముందు ఒకటి లేస్తాది, అదే మిగతాటినన్నీ లేపుతాది."

నిజంగానే స్విచ్ వేస్తే తెర మీద ఒక్కో వరుసా పైకి పాకేది. మెమరీ ఇంత ఉంది, డిస్కు బాగుంది, ఇది లేచింది, అది లేచింది అని. దానికి సొంత గడియారం లేదు కాబట్టి చివర తేదీ అడిగేది. తేదీ కొట్టగానే తెర ఖాళీ అయి తెలుగులో ఒక మాట వచ్చేది. ఆ అక్షరాలను కాశన్న అంచు వేసినట్టు గ్రాఫు మీద గీసిస్తే, కూతురు చుక్కచుక్కా అందులోకి ఎక్కించింది. వారానికి ఏడు మాటలు, రోజుకొకటి. సోమవారం, "నాయనా, టీలో చక్కెర తగ్గించు." మంగళవారం, "అమ్మా, మోకాళ్లకు నూనె రాసుకున్న్యావా?" శనివారం ఇద్దరికీ కలిపి, "కొట్లాడుకోవాకండి. నేనొచ్చినాక తీరుస్తా."

మరుసటి ఏడు రెండోసారి కరోనా వచ్చినప్పుడు ఆ పిల్ల పోయింది. ఆసుపత్రి గేటు దగ్గరే వీళ్లను ఆపేశారు. చివరి చూపు కూడా సరిగా దక్కలేదు. ల్యాప్‌టాప్ కంపెనీది, మనిషిని పంపి తీసుకుపోయారు. ఫోను తాళం ఎవరికీ తెరుచుకోలేదు. మిగిలింది ఈ డబ్బా, రెండు ఫ్లాపీలు. ఒకటి రోజూ వాడేది, రెండోది దాని నకలు. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని ఆమే చేసిపెట్టింది.

అప్పటినుంచి కాశన్నకు తెల్లారడమంటే అదే. స్నానం చేసి వచ్చి స్విచ్ వేస్తాడు. సుబ్బక్క పక్కన చేరుతుంది. ఆమెకు చదువు రాదు.

"ఏమంటాండాది పాప?" అంటుంది.

ఈయన చదివి చెప్తాడు. అది చూసినప్పుడల్లా నాకు చిరాకేసేది. పోయినదాన్ని పోనీయకుండా ఈ పాత డబ్బాను పట్టుకుని వేలాడతారేమిటని మనసులో తిట్టుకునేవాణ్ని. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

పోయిన దసరాకు జరిగింది ఇది. మగ్గం ఉన్న రోజుల్లో ఆయుధపూజనాడు సుబ్బక్క మగ్గం తుడిచి, పేక నూలు నడిపే నాడెలకూ అట్టలకూ పసుపు కుంకుమ పెట్టేది. మగ్గం పోయాక కొన్నేళ్లు ఏమీ చేయలేదు. ఈసారి ఏమనిపించిందో, ఇంట్లో పనిముట్టంటే ఇంక ఇదే కదా అనుకుంది. కాశన్న తన బట్టల షాపులో పూజకు పోయిన పూట కంప్యూటర్‌ను తడిగుడ్డతో తుడిచి బొట్లు పెట్టింది. ఫ్లాపీలను కవర్లలోంచి బయటికి తీసింది. ఆ నల్లటి అట్టకు నిలువుగా ఒక కిటికీ ఉంటుంది. లోపల తిరిగే పళ్లెం అందులోంచి కనబడుతుంది. టేప్‌రికార్డర్‌లో లాగా హెడ్డు తగిలి చదివేది అక్కడే. బొట్టు పెట్టాలనుకున్నవాళ్లకు అంతకన్నా మంచి చోటు కనబడదు. ఒకదానికి పెట్టి రెండోదానికి పెట్టకపోవడం తప్పు కాబట్టి రెండింటికీ పెట్టింది. గంధం, పసుపు, దాని మీద కుంకుమ.

మరునాడు కాశన్న స్విచ్ వేస్తే డ్రైవు బరబరమని గీరింది. తెర మీద ఒక్క ఇంగ్లీషు వరుస తప్ప ఏమీ లేవలేదు. కంగారులో రెండో ఫ్లాపీ వేశాడు. అదీ గీరింది. అప్పుడు చూసుకున్నాడు బొట్టు. రెండూ చేతిలో పట్టుకుని చెప్పుల్లేకుండా నా షాపుకు వచ్చాడు.

స్పిరిట్‌తో తుడిచాను. హెడ్డు కడిగాను. కుంకుమ గీసుకుని రెండింటి పళ్లెం మీదా గుండ్రంగా గీతలు పడి, పూత లేచిపోయింది. ఆ పూతలోనే రాత ఉండేది. కాగితం చిరిగితే అతికించవచ్చు, కాలిపోతే ఏం చేస్తాం. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఒక కాలేజీ లెక్చరర్, "ఆ వ్యవస్థే కొత్తగా వేసుకోండి, ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది" అన్నాడు. మంచివాడే, ఒక డిస్కు తయారుచేసి ఇచ్చాడు కూడా. అది చక్కగా లేచింది. ఒక్కో వరుసా పాకింది, తేదీ అడిగింది. కాశన్న కొట్టాడు. తెర ఖాళీ అయింది. మూలన ఒక చిన్న గుర్తు మిణుకుమంటూ నిలబడింది.

"పాప యాడుండాది దీంట్లో?" అన్నాడు.

"ఆ మాటలు నీకు నోటికొచ్చు కదన్నా. మళ్లీ గ్రాఫు వెయ్యి, ఎవరితోనన్నా ఎక్కిద్దాం."

"నేనేస్తే అది నా మాటయితాది శేఖరప్పా. నా టీలో చక్కెర నేనే తగ్గించుకోమని చెప్పుకునేదా?"

ఇన్నేళ్లలో ఆ తెరకు ఒక్క ఫోటో తీసిపెట్టుకోలేదు. రోజూ వచ్చేదానికి ఫోటో ఎవరు తీస్తారు? కాశన్న కొత్త డిస్కు తీసేసి, బొట్టు మరకతోనే పాతది మళ్లీ పెట్టాడు.

"మీ అక్కకు చెప్పవాకు. తన చేత్తోనే అయిందని తెలిస్తే తట్టుకోలేదు."

అప్పటినుంచి రోజూ డ్రైవు గీరుతుంది. తెర మీద ఇంగ్లీషులో ఒకే వరుస వస్తుంది, వ్యవస్థ కనబడలేదు, సరైన డిస్కు పెట్టండి అని. సుబ్బక్క ఎప్పటిలాగే అడుగుతుంది. కాశన్న ఆ వరుసను వేలితో చూపిస్తూ ఆ రోజు మాట చెప్తాడు. ఒకటి రెండుసార్లు నేను అక్కడే ఉన్నాను. గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

మొన్న శనివారం డ్రైవు మరీ అరుస్తోందని కాశన్న పిలిచాడు. నేను మూత విప్పాను. ఆయన టీ తేవడానికి వీధి చివరికి పోయాడు. సుబ్బక్క గడప మీద కూర్చుని ఉంది.

"శేఖరా, నాకు చదువు రాదప్పా. ఆయన గీసిన అంచు ఏదైనా ఒక్కసారి చూస్తే చాలు, మగ్గం మీద తప్పు పోకుండా దించేదాన్ని. ముందు ఆ తెర మీద సోమారం ఒక అంచు వచ్చేది, మంగళారం ఇంకోటి వచ్చేది. దసరా కాడ్నించి రోజూ ఒకే అంచు వస్తాండాది."

నేను విప్పిన స్క్రూనే మళ్లీ బిగించాను.

"నేను బొట్టు పెట్టినందుకేనా?"

"దుమ్మక్కా. పాతబడింది గదా" అన్నాను. ఆ అబద్ధం నా చెవికే అతకలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకు తెలుసని ఆయనకు చెప్పవాకప్పా. నేను అడక్కుంటే ఆయన చెప్పడు. చెప్పకుంటే ఆ మాటలు మర్చిపోతాడు. ఇంగ యాడ దొరకతాయి అవి?"

కాశన్న టీ తెచ్చాడు. ఆయన గ్లాసులో చక్కెర లేదు. నేను మూత బిగించి పక్కకు జరిగాను. ఆయన స్విచ్ వేశాడు. డ్రైవు గీరి ఆగిపోయింది. తెర మీద అదే వరుస.

"ఏమంటాండాది పాప?" అని అడిగింది సుబ్బక్క.

కాశన్న వరుస కింద వేలు పెట్టాడు.

"కొట్లాడుకోవాకండి అంటాండాది. నేనొచ్చినాక తీరుస్తా, అంటాండాది."