పడలేదు, కూర్చున్నారు

పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్లు కిందపడే ప్రమాదం ఎంత ఉందో అంచనా వేయడం నా ఉద్యోగం. ఆ పని మీదే క్యాతగానచెర్లులో ఎడమకాలూ ఎడమచెయ్యీ సరిగా ఆడని ఒక పెద్దాయన ఇంటికి వెళ్లేదాన్ని. ఆయన పొలం సోలార్ పార్కుకు పోయింది, పౌరుషం మాత్రం మిగిలింది.

“ఈ ఆరు నెలల్లో ఎప్పుడైనా పడినారా?”

“లేదమ్మా. కూచున్న్యా, అంతే.”

వాకిట్లో ఒకసారి, బచ్చలింట్లో నీళ్లు పోసుకుంటూ రెండుసార్లు, బస్సు దిగుతూ ఒకసారి కూర్చున్నారట. కూర్చోవడం మీద అంత మోజున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి రమ్మన్నాను. తిరిగేచోట ఎడమకాలు మొరాయించింది. నేను పట్టుకునేలోగా ఆయన భార్య అడ్డం వచ్చింది. ఇద్దరూ కూలబడ్డారు. ఆయనకు గీత కూడా పడలేదు. ఆమె కుడి మణికట్టు విరిగింది.

“నీకేం తగల్లేదు గదా?” అని ఆమె ఆయన్నే అడిగింది.

నా ఫారంలో ఆమె కోసం ఒక్క గడి కూడా లేదు. చాలా గొప్ప ఫారం.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఆమె చేతికి సిమెంటు కట్టు ఉంది. ఆయన ఆమె వెనక కూర్చుని జడ అల్లుతున్నారు. కుడిచేయి ఆయనది, ఎడమచేయి ఆమెది.

“ఐదుసార్లు పడినానని రాసుకోమ్మా,” అన్నారు తలెత్తకుండా.

జడ పాములా వంకర తిరిగింది.

“సక్కంగా ఉండాదా?” అని ఆమె అడిగింది.

“ఏం, బ్రహ్మాండంగా ఉండాది,” అన్నారాయన పౌరుషంగా.